ఉమ్మడి గోడ

గోడలకు చెవులుంటాయంటారు.
ఇరవై రెండేళ్లుగా నేను చూస్తున్నది
వాటి ఒంటి వేడి.

తార్తులో ఈ పేట వీధులన్నిటికీ కూరగాయల పేర్లే:
బంగాళదుంప వీధి, చిక్కుడు వీధి.
నేను వెళ్లింది బఠాణీ వీధికి.
ఒకటే చెక్క ఇల్లు, రెండు వాకిళ్లు,
పొగ మాత్రం ఒక్క గొట్టానికే.
ఫిబ్రవరి. సున్నాకు పంతొమ్మిది కింద.
ఎండ సోకితే గోడ అబద్ధాలాడుతుంది,
అందుకే మా పని తెల్లవారక ముందు.
కెమెరా బ్యాటరీని చంకలో దాచుకుని తెచ్చాను
కోడిపిల్లను తెచ్చినట్టు.

వాల్దుర్, రైలు షెడ్డులో మెకానిక్‌గా చేసి దిగిపోయినవాడు.
బూట్లు విప్పమన్నాడు. కాఫీ అడగలేదు.
"బండెడు కట్టెలు కాలుస్తున్నా గది వేడెక్కదు.
నా డబ్బు ఎటు పోతోందో చూపించు."

చూపించాను.
వాకిట్లో ఫ్యాను బిగించి
ఇంటి ఊపిరిని బయటికి లాగితే
సందు దొరికిన ప్రతిచోటా చలి తోసుకొచ్చింది.
తెర మీద
గడప కింద ఊదారంగు ఈకలు,
కిటికీ మూలల్లో నీలపు వేళ్లు,
దుంగల మధ్య తాతల నాడు కూరిన నాచును
ఎలుకలు పీక్కుపోయిన చోటల్లా
ఊడిన పళ్ల సందులు.
కిటికీ అద్దం మాత్రం నోరు విప్పదు,
ఎవడి వేడి వాడికే తిప్పి చూపిస్తుంది.
అందులో నేనే ఉన్నాను,
ముఖమంతా పసుపు, కళ్లజోడు చోట రెండు నల్ల గుంటలు.

అన్నీ రాసుకున్నాక పొయ్యి వెనక గోడ మిగిలింది.
పొయ్యి ఇటుకలు దాన్ని ఆనుకునే ఉన్నాయి.
"దీని అవతల?"
"హిల్యా."
"మాట్లాడతారా?"
"తొమ్మిదేళ్లయింది. లైలాక్ పొద నరికానని."

అవతలి తలుపు తట్టాను.
ఆ గదిలో పదకొండు డిగ్రీలు.
గదిలో సామానంతా
ఓడ ఒరిగినట్టు ఒక్క గోడ వైపే చేరింది:
మంచం, రేడియో, ఉన్ని మేజోళ్ల తీగ,
పాల డబ్బాల్లో వేలెడైనా లేని టమాటా నారు,
గోడకు వీపు ఆనించి కుర్చీలో ఆమె.

కెమెరా ఎత్తాను.
నీలం గది మధ్యలో
పొయ్యంత వెడల్పున నారింజ రంగు గోడ.

"ఆ పక్కవాడు పరమ పిసినారి," అంది హిల్యా,
ఇంకాస్త వెనక్కి ఆనుకుంటూ.
"ఆరింటికి వెలిగిస్తాడు. ఏడుకి నా వీపుకి తెలుస్తుంది.
ఏడున్నరైనా తెలియలేదంటే
చచ్చాడేమో అనుకుంటాను."
కాఫీ పెడతానని లేచింది.

తెర మీద గోడ ఇంకా నాకేసి చూస్తోంది.
నారింజ రంగు మధ్యలో
ఆమె భుజాలు, కొంచెం వంగిన వెన్ను,
అంతకన్నా లేత పసుపులో.
వేడి ఎప్పుడూ ఎక్కువ నుంచి తక్కువకే నడుస్తుంది,
అది నేను చదువుకున్న సూత్రం.
ఆ పసుపు మరకలో ఎంత ఇటు వాలిందో, ఎంత అటు ఇంకిందో
లెక్క కట్టేలోపే ఆరిపోయింది.

తిరిగొచ్చి వాల్దుర్‌కి అంకెలు చెప్పాను.
గడపకు రబ్బరు పట్టీ, దుంగలకు అవిసె నార,
అటక మీద మరో జానెడు ఊలు.
"ఇక ఈ గోడకు లోపలి నుంచి పలక వేస్తే
ఏటా కట్టెల్లో ఆరో వంతు మిగులుతుంది."

పెన్సిల్‌తో చెవి గోక్కున్నాడు.
"అవతల ఎంత ఉంది?"
"పదకొండు."
"గోడ దగ్గర?"
"ఇరవై మూడు."

చాలాసేపు పొయ్యి తలుపు వైపే చూశాడు.
"ఈ గోడ వదిలెయ్," అన్నాడు.
"కాగితం కొత్తగా అతికించాను. పాడవుతుంది."

ఆ గోడ కాగితం మీద పూలు
ఎప్పుడో వెలిసి గోధుమరంగుకి తిరిగాయి,
పైమూల జానెడు ఊడి వేలాడుతోంది.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది: లోపం, కారణం, ఖర్చు.
"కొత్త కాగితం" అని రాశాను.
నేను బూట్లు తొడుక్కుంటుంటే
వాల్దుర్ పొయ్యిలోకి
మరో బిర్చ్ దుంగ తోశాడు.